అవతలి గొంతు

రింగు పూర్తిగా మోగకముందే అవతల రిసీవర్ ఎత్తారు.

"గుడ్ ఈవినింగ్ సర్. ఐయామ్ లోయిస్. హౌ మే ఐ హెల్ప్ యూ?"

ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

అబిడ్స్‌లో ఓ పాత బిల్డింగు రెండో అంతస్తులో ఉంది ఆ ఇంగ్లిష్ క్లాసు. హెల్ప్‌లైన్ ఉద్యోగాలకు తయారుచేస్తారు. కేబిన్లో ఇంటర్‌కామ్ ఎత్తితే, పక్కగదిలోంచి ఒకరు కస్టమర్‌లా మాట్లాడతారు. ఏడుస్తారు, తిడతారు.

"నిజంగనే అని ఒట్టేసినా నమ్మకు. అదే పరీక్ష," అంటుంది వైశాలి మేడం.

ఈ ఉద్యోగం వస్తే లోయిస్, వాళ్లమ్మ ఇద్దరూ మామయ్య ఇంట్లోంచి బయటపడతారు. అక్కడ తినే ప్రతి ముద్దకూ అత్తయ్య మాట ఒకటి నంజుకోవాలి మరి!

"నా ఊపిరి హియర్ చేసినవా, లిజన్ చేసినవా?" అంది అవతలి ముసలి గొంతు.

రోజూ ఇదే గొడవ.

"రెండూ ఒకటే కద సార్?"

"కాదమ్మా. రోడ్డు మీద హారన్లు హియర్ చేస్తవ్. వద్దన్నా చెవిన పడతయ్. లిజన్ అంటే మనసు పెట్టాలె. గొంతు ఎనక ఏమున్నదో జర ఆగి చూడాలె."

పాఠం బాగానే ఉండేది. కానీ ఒక్కోసారి ఆమె నోరు విప్పకముందే, "ఇయ్యాల ఏడ్చినవా?" అనేవాడు. నిజంగానే ఏడ్చి వచ్చేది. ఒళ్లు జలదరించేది.

చివరి పరీక్ష రోజు మేడం పక్కనే కూర్చుంది.

"లోయిస్... ఛాతీల పట్టేసింది. ఇయ్యాల పాఠం గాదమ్మా. ఎవరినన్న పైకి పంపు."

లోయిస్ మేడం వైపు చూసింది. మేడం కళ్లతోనే కానివ్వమంది.

"ఐ కెన్ హియర్ యూ సర్. ప్లీజ్ స్టే ఆన్ ద లైన్."

ఏదో కిందపడ్డ చప్పుడు. ఆ తర్వాత ఊపిరి కూడా లేదు.

మేడం చప్పట్లు కొట్టింది. "గొంతు జర కూడా వణకలే! ఉద్యోగం నీదే పో!"

లోయిస్‌కు సంతోషం పట్టలేదు. ఆ కస్టమర్ ముఖం ఒక్కనాడూ చూడలేదు. మొజంజాహీ మార్కెట్‌కు పరుగెత్తి, ఆయన కోసం సీతాఫలం ఐస్‌క్రీం తెచ్చి, పక్కగది తలుపు తోసింది.

లోపల తన ఈడు యువకుడొకడు హెడ్‌ఫోన్స్ తీస్తున్నాడు. పేరు సిద్ధార్థ్.

"నాకా? నీ ఫోన్ నాకు ఒక్కనాడు రాలే కద! నీకు వేరేటోళ్లు చేస్తున్నరనుకున్న."

"మరి ఆ పెద్దాయన?"

"పెద్దాయన ఎవరు? కస్టమర్‌గ మాట్లాడేది ఈడ నేనొక్కణ్ణే."

సిద్ధార్థ్ వచ్చి ఆమె కేబిన్ వైరు పట్టుకుని చూశాడు. అది పక్కగదికి రాలేదు. కిటికీలోంచి మీదికి పోయింది.

"సున్నమేసినోళ్లు వైర్లు తప్పుగ కలిపిన్రు. గిది పై పోర్షన్‌కు పోతుంది."

లోయిస్ మెట్లెక్కింది. తలుపు తోస్తే తెరుచుకుంది.

రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ లక్ష్మణరావు, ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటూ రోజూ ఆమె ఫోన్ కోసమే కాచుకుని కూర్చునే మనిషి, నేల మీద ఒక పక్కకు ఒరిగి, రిసీవర్ చెవికి ఆనించుకునే చనిపోయి ఉన్నాడు.