ఇసుర్రాయికి ఇద్దరు

“జల్దీ తిప్పుండ్రి టీచర్! అవ్వల కాలంల రోజూ గిట్లనే తెల్లారేది!” శిక్షకుడు విశ్వతేజ చప్పట్లు కొట్టాడు.

శామీర్‌పేటలో సోషల్ టీచర్లకు శిక్షణ. పాతకాలం పనుల్ని చదవడం కాదు, చేసి చూడాలి. ఒకే ఇసుర్రాయి పిడి పట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు మనోరమ, లలితకుమారి. ఇద్దరిదీ ఒకే బడి. పదో తరగతి ఎవరు చెప్పాలన్న గొడవతో ఆర్నెల్లుగా మాటల్లేవు. ఇప్పుడూ మూతులు బిగించుకుని పోటీపడి తిప్పుతున్నారు. రాయి గరగరమంటోంది.

“ఆపుండ్రి! పిండి ఏది?” విశ్వతేజ వంగి చూశాడు.

కింద పరిచిన గుడ్డ మీద బూడిదరంగు రాతిపొడి. పక్కన జొన్నల చేట నిండుగా అలాగే ఉంది.

“మీరు పోస్తున్నారనుకున్నానండీ!” అనేసింది లలితకుమారి.

“నేను మీరు పోస్తున్నరనుకున్న!” అంది మనోరమ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని చాప మీద దొర్లారు. విశ్వతేజ పరేషాన్.

“ఆర్నెల్ల సంది మనం గిదే ఇసురుతున్నం మేడమ్!” కళ్లు తుడుచుకుంది మనోరమ.

లలితకుమారి చేట దగ్గరికి లాక్కుని గుప్పెడు జొన్నలు పోసింది.

“పట్టండి. పదో తరగతి సంగతి తిప్పుతూ మాట్లాడుకుందాం.”