కిష్టమ్మ చుక్కలు

“ఆ గడిలో ఏడు రాదండీ.”

అంతయ్య పేపరులోని సుడోకు మీంచి తలెత్తాడు. మన్సూరాబాద్ పార్కులో, బెంచీ వెనక, ఎవరో కొత్త మనిషి. మండే ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీ.

“నిన్ను అడిగిన్నా?”

“లేదండీ, చూసి ఊరుకోలేకపోయాను. అడ్డంగా ఈ రెండు వరసలు చూడండి. రెంటిలోనూ ఏడు రెండేసి గళ్ళలోనే పడుతుంది. అవీ ఒకే నిలువుల్లో, ఒకదాని కింద ఒకటి. నాలుగూ కలిపితే నాలుగు మూలలు. ఇక ఈ నిలువుల్లో వేరే ఎక్కడా ఏడు ఉండదు. కొట్టేయండి.”

అంటూనే పెన్సిలు తీసి, ఆ నాలుగు గళ్ళలో తలా ఒక చుక్క పెట్టాడు. ఎడమ వైపు, అడుగున.

అంతయ్య వంగి వాటిని దగ్గరగా చూశాడు.

ఆ చుక్కలు కిష్టమ్మవి.

కిష్టమ్మ అంతయ్య పెళ్ళాం. పోయిన వేసవిలో పోయింది. కిడ్నీలు చెడి చైతన్యపురిలో డయాలసిస్‌కు పోయే రోజుల్లో, మిషను పక్కన పడుకుని సుడోకు పట్టింది. తోడు వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. అంతయ్య రోడ్డవతల టీ కొట్టులో కూచునేవాడు.

ఒకనాడు ఆమె పేపరు నిండా చుక్కలే.

“ఇవేందే?”

“సన్నగ అంకెలు రాద్దామంటే చూపు ఆనదు. గడిల పై వరస ఒకటి, రెండు, మూడు అనుకో. నడుమ నాలుగు, ఐదు, ఆరు. అడుగున ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏ అంకె పట్టేటట్టుంటే ఆ జాగల చుక్క. ఒక్క వరసల రెండు గళ్ళకు అవే రెండు చుక్కలు పడ్డయా, ఆ రెండంకెలు వాటివే. మిగిలిన గళ్ళల్ల తుడిచేసుడే.”

“ఎవలు నేర్పిండ్రే?”

“ఎవలు నేర్పుతరు? నేనే కనిపెట్టిన.”

గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిని అరచేతిలో ఆడించి లోపలి పుచ్చు చెప్పిన మొనగాడు అంతయ్య. కట్టుకున్నదానికి ఇంత బుర్ర ఉందని ఆనాటికి గానీ తెలియలేదు. “శాబాష్” అన్నాడు. గల్లీ గల్లీ తిరిగి చెప్పుకున్నాడు.

ఆమె పోయాక, ఆమెదంటూ మిగిలింది ఆ చుక్కలే.

ఇప్పుడు వీడు.

“ఈ విద్దె యాడ దొంగిలించినవ్?”

ఆ మనిషి పెన్సిలు ఆగిపోయింది.

“నా పెండ్లాం కనిపెట్టింది అది. నా ఎనకాల నిలవడి చూసి నేర్సినవ్. అవునా, కాదా?”

“ఆవిడ పేరేంటండీ?”

“కిష్టమ్మ.”

అతను అంతయ్య ముఖంలోకి చూశాడు. “చాలా తెలివైన మనిషండీ ఆవిడ” అన్నాడు మెల్లగా.

“అంటే దొంగతనం ఒప్పుకున్నట్టేనా?”

“అలాగే అనుకోండి.”

పుచ్చు, అని తేల్చేశాడు అంతయ్య.

పేరు వెంకట్రావట. తెనాలి వైపు మనిషి. రోజు విడిచి రోజు వచ్చేవాడు. బెంచీ జనమంతా అతని చుట్టూ చేరారు.

“సారు మంచిగ సమజ్ చేయిస్తుండు. నీ లెక్క గుర్రుమనడు” అన్నాడు రోజూ పక్కన కూచునే బక్కయ్య.

నెల తిరక్కుండా పార్కంతా చుక్కలు. అందరి నోటా అవి ‘వెంకట్రావు సారు చుక్కలు.’

“కిష్టమ్మగారి చుక్కలనండి” అని అతను సరిదిద్దితే, అంతయ్యకు వెక్కిరించినట్టు ఉండేది.

పళ్ళు కొరుక్కుంటూ ఆదివారం దాకా ఆగాడు.

ఆదివారం పేపర్లో సుడోకు అన్నిటికన్నా మొండిది. దాన్ని జిరాక్సు తీయించాడు. అడ్డానా, నిలువునా, చుట్టుగళ్ళలో ఎక్కడా ఎనిమిది లేని చోట ఒక మూడును వెతికి పట్టాడు. నల్ల పెన్నుతో దాని నోరు మూశాడు. మూడు ఎనిమిదయింది. గీత తెలియకుండా మళ్ళీ జిరాక్సు తీయించాడు.

సుడోకులో మొదట్లో పడ్డ తప్పు, చివరి గళ్ళల్లో గానీ బయటపడదు.

“అందరి ముంగట చెయ్యి. నువ్వు నేర్సిన విద్దె ఎంతదో సూద్దాం.”

వెంకట్రావు కూచున్నాడు. ఎండ బెంచీ ఎక్కింది. చివరి గళ్ళలో ఏ అంకే పట్టలేదు. చెరిపాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చెరిపాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

అంతయ్య తొడ చరిచాడు. “దొంగిలించిన విద్దె గింతే! నడిమిట్ల ఇడిసిపెడ్తది. ఇంకోపాలి ఈ బెంచీ కాడ కనవడకు.”

“తప్పు నాదేనండీ. ఎక్కడో చూసుకోలేదు.”

వెంకట్రావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ రాలేదు.

ఆ వారమంతా అంతయ్యకు అన్నం రుచించింది.

వానలు పట్టాక ఒక పొద్దున, ఒకావిడ బెంచీ దగ్గరకు వచ్చింది. చేతిలో అదే కాగితం. చెరిపి చెరిపి గుడ్డపేలికలా అయింది.

“నేను వెంకట్రావుగారి భార్యనండీ, ఉదయలక్ష్మిని. ఆయన పోయారు. మొన్ననే పెద్దకర్మ అయింది. ఇది ఇచ్చింది ఎవరండీ?”

“నేనే” అన్నాడు అంతయ్య.

“చివరిదాకా మంచం మీద దీంతోనే ఉన్నారు అన్నయ్యగారూ. ‘తప్పెక్కడ చేశానో దొరకట్లేదు లక్ష్మీ’ అనేవారు. జవాబు చెబితే ఆయన ఫోటో ముందు పెట్టుకుంటాను.”

బక్కయ్య తల దించుకున్నాడు. అంతయ్య దించలేదు.

“జవాబెట్ల దొరుకుతదమ్మా? మీ ఆయనది దొంగిలించిన విద్దె.”

ఆవిడ కాగితాన్ని చీర కొంగులో దాచుకుంది.

“మీకు తెలీదు అన్నయ్యగారూ, డయాలసిస్‌లో పక్క మంచం కిష్టమ్మగారికి ఆ చుక్కలు నేర్పిందే మా ఆయన, ‘పెండ్లయినంక మొదటిపాలి మా ఆయన నన్ను మెచ్చుకున్నడు, నువ్వు నేర్పినవని ఎన్నడు చెప్పకు అన్నా’ అని ఆవిడ చేతిలో చెయ్యేయించుకుందట, అందుకే ఎవరేమన్నా ఆయన నోరు విప్పలేదు.”