మూడో మగ్గం

ధర్మవరంలో వనిత వాళ్ల ఇంటి వెనక మూడు మగ్గాలున్నాయి. నేతలో పలక దెబ్బ పడిన ప్రతిసారీ సెన్సర్ పంపే లెక్క చూపడానికి ఆమె పైథాన్‌లో వెబ్‌సైట్ రాసింది. మధ్యాహ్నం నుంచి అది క్లౌడ్‌లో మొరాయిస్తోంది. చీకటి పడ్డాక లాగ్‌లో తప్పు దొరికింది. పోర్ట్ నంబర్ సరిచేయగానే సైట్ తెరుచుకుంది.

అమావాస్య కాబట్టి నేత లేదు. అన్నీ సున్నాలే ఉండాలి. మూడో మగ్గం నలభై రెండు చూపింది. తర్వాత నలభై మూడు.

సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది. సున్నా. ఒకటి. రెండు.

"అవ్వా, ఎవరన్నా నేస్తాండారా?"

"అమాసనాడు మగ్గం ఎవరు ముడతారే? తాళంచెవి నా కొంగుకే ఉండాది."

గోడకవతల చప్పుడే లేదు. మూడో సెన్సర్‌ను ఆమె ఇంకా బిగించనేలేదు. అది డబ్బాలో, బల్ల మీదే ఉంది.

"చచ్చిపోయిన మీ తాతొక్కడే అమాసని లెక్కచేసేటోడు కాదు," అంది అవ్వ. "మూడోది ఆయప్పదే."

తెర మీద అంకె, వింటున్నట్టుగా, ఆగిపోయింది.