గొడుగు వెనకాలే

“నాన్నా, ఈ వంతెన మనం ఇందాకే ఎక్కాం,” అంది బియాంకా.

“వెనిస్‌లో వంతెనలన్నీ ఒకలాగే ఉంటాయి,” అన్నాడు అల్విసే.

“దాని మీద పడుకున్న తెల్లపిల్లి కూడా ఒకలాగే ఉంటుందా?”

అల్విసే చకచకా వంతెన దిగాడు. పదేళ్ల కూతురికి జవాబు చెప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా తెమలదు. రెండోపక్క ఆరేళ్ల జెనో చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. వాడికి కాళ్లు నొప్పి, ఐస్‌క్రీం కావాలి, పడవెక్కాలి, పడవంటే భయం కూడానూ.

ఒంటిగంటకల్లా భోజనానికి వస్తామని అల్విసే తల్లికి మాటిచ్చాడు. ఆవిడ కొత్తగా మారిన ఇల్లు అతను చూడలేదు. “స్టేషనుకి ఎవర్నైనా పంపనా? తూరిన్‌లో కాపురం పెట్టాక దారులన్నీ మర్చిపోయుంటావు,” అని పొద్దున్నే ఫోనులో దెప్పింది. “ఈ నీళ్ల మధ్య పుట్టినవాణ్ణమ్మా! వెనిస్‌లో నాకు దారి చూపించేవాడు ఇంకా పుట్టలేదు,” అని గొప్పగా అనేశాడు. ఇప్పుడు ఆలస్యమైతే బఠాణీ అన్నం ముద్దైపోవడం ఒక్కటే కాదు, ఆ మాటని ప్రతి పండక్కీ చుట్టాలందరి ముందూ వడ్డించి మరీ నవ్విస్తుంది. అల్విసే భయమంతా అదే.

“ఆ రొట్టెలకొట్టు ఆవిణ్ణి అడుగుదామా?”

“వెనిస్ వాడు వెనిస్‌లో దారి అడగడు. పరువు పోతుంది.”

“పోనీ ఫోనులో చూద్దామా?”

“ఈ సందుల్లో దానికే దిక్కు తెలీదు, మనకేం చెబుతుంది?”

“నాన్నా, ఒకటికి వస్తోంది,” అన్నాడు జెనో.

“కాసేపు బిగబట్టు. నానమ్మ ఇల్లు వచ్చేసింది.”

“ఇందాక కూడా వచ్చేసిందన్నావు!”

మలుపు తిరగ్గానే ఎదురుగా గైడ్లెత్తిన జెండాల వెనకాల యాత్రికుల గుంపులు, సందు నిండా తోపులాట. ఎక్కడో చర్చి గంట ఠంగుమని ఒకటి కొట్టింది. అల్విసే ఓపిక కాస్తా అక్కడితో చచ్చింది. సంచీలోంచి ఎర్రగొడుగు తీసి, ముడిచింది ముడిచినట్టే నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు.

“ఇద్దరూ వినండి! ఈ గొడుగు ఎటు పోతే అటు రండి. ప్రశ్నలొద్దు, గొణుగుళ్లొద్దు. నేను వెనక్కి తిరిగి చూసేది లేదు, మీతో మాట్లాడేది లేదు.”

“అది కాదు నాన్నా, జెనోకి...”

“గొడుగు!” అని అరిచి నడక సాగించాడు అల్విసే.

మంత్రం వేసినట్టు పిల్లల నోళ్లు మూతబడ్డాయి. వెనకాల అడుగుల చప్పుడు బుద్ధిగా వినిపిస్తోంది. అతను వేగం పెంచితే అదీ పెరిగింది. “గోడవారకి జరగండి, తోపుడుబండి వస్తోంది,” అంటే చప్పుడు గోడవారకి జరిగింది. ఒకచోట గుసగుసలు వినబడ్డాయి. “ష్!” అన్నాడు. ఠక్కున ఆగిపోయాయి. ఈ ఉపాయం ఇన్నేళ్లూ తట్టనందుకు అల్విసే తనని తానే తిట్టుకున్నాడు. అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడమే కానీ, పిల్లల్ని పెంచడానికి ఒక్క గొడుగు చాలని ఎవరైనా చెప్పారా?

నాలుగు సందులు కలిసేచోట పాత రాతిబావి కనిపించింది. అతను ఆగి, వెనక్కి తిరక్కుండానే గొడుగుతో చూపించాడు. “ఇదిగో, ఈ బావిగట్టు మీంచి పడే నేను ముందుపన్ను విరగ్గొట్టుకున్నాను.” నిజానికి ఆ బావి ఇదో కాదో అతనికే తెలీదు. వెనకాల టక్కుమని ఫోటో తీసిన చప్పుడైంది. తన బుల్లి కెమెరాతో బియాంకా తండ్రి మాటకి ఇంత విలువ ఇవ్వడం ఇదే మొదటిసారి. అల్విసేకి కడుపు నిండినట్టయింది.

మళ్లీ వంతెన వచ్చింది. మళ్లీ తెల్లపిల్లి. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

మరికొన్ని సందులు తిరిగేసరికి ఫోను మోగింది. తల్లి.

“ఎక్కడున్నావురా?”

“వచ్చేశానమ్మా, రెండు నిమిషాలు! దారి తెలీక కాదు, ఈ పిల్లల్తో చస్తున్నాననుకో. అడుగు తీసి అడుగు వెయ్యరు. ఇందాకట్నుంచే కాస్త దారికొచ్చారు.”

“ఏ పిల్లలు?”

“ఏ పిల్లలేమిటమ్మా, నా పిల్లలు! నా వెనకాలే ఉన్నారు.”

“నీ పిల్లలు ఇక్కడ రెండోసారి వడ్డించుకుంటున్నారు. జెనో ఆగలేకపోతే బియాంకా వాణ్ణి కాఫీ హోటల్లోకి తీసుకెళ్లిందట. అక్కడ మా పేరు చెప్పి దారి అడిగితే, ఆ హోటలావిడ గుమ్మం దాకా వచ్చి దింపి వెళ్లింది.”

అల్విసే గిర్రున వెనక్కి తిరిగాడు. మెడల్లో కెమెరాలు, నెత్తిన టోపీలు, పాతికమంది ముసలీ ముతకా సందు పొడవునా బారు తీరి ఉన్నారు. అతను ఆగాడని వాళ్లూ ఆగారు. ముందున్న పెద్దాయన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

“గైడుగారూ, మరి మా భోజనాలు ఎక్కడండీ?”

అల్విసే గొడుగు మెల్లగా కిందికి దించాడు. ఫోనులో తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది.

“రెండుసార్లు మా కిటికీ కిందనుంచే పోయావురా. పిల్లలు కేకెయ్యబోతే నేనే నోరు మూయించాను. ‘పాపం, మీ నాన్న తూరిన్‌లో ఉద్యోగం పోయి గైడుగా చేరినట్టున్నాడర్రా, అందరి ముందూ పిలిచి పరువు తియ్యకండి’ అని.”