క్యాచర్ కాంట్రాక్టు

భర్త పోయిన మూడో వారంలో ఆయన కంప్యూటర్ తెరిచింది దర్జీ. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది. తెర మీద ఒక సందేశం కాచుకుని ఉంది.

“ఏం బావా, ఉలుకూ పలుకూ లేదు. క్యాచర్ కాంట్రాక్టు తేల్చవా? వాడు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు.”

రాసింది ఏజెంటు. ఆ మనిషికి ఆ ఇంట్లో ఇంకో పేరు లేదు.

అది బేస్‌బాల్ ఆట. ఆటగాళ్లంతా కంప్యూటర్ బొమ్మలు, మనుషులు ఇద్దరే. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఆమె భర్త ఒక జట్టుకు మేనేజరు. ఆటగాళ్ల తరఫున జీతాల బేరమాడే ఏజెంటు, నాలుగు గంటల రైలు దూరంలో ఉండే ఒక సిగ్నల్ మెకానిక్. పదిహేనేళ్లుగా ఆడుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు, గొంతు వినలేదు. గొంతు వింటే బేరం మెత్తబడుతుందని వాళ్లు పెట్టుకున్న నియమం.

“ఆయన పోయారు” అని టైపు చేసింది. చేసి, దాన్నే చూస్తూ కూర్చుంది. ఈ మూడు వారాల్లో అందరికీ ఆ మాట చెప్పింది. చెప్పినకొద్దీ ఇల్లు ఇంకాస్త ఖాళీ అయింది. ఈ ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

చెరిపేసి రాసింది. “ఒంట్లో నలతగా ఉండింది బావా. రేపు మాట్లాడుకుందాం.”

ఆ రేపటి కోసం ఆయన నోటుపుస్తకాలు ముందేసుకుంది. క్యాచర్ అంటే బంతి విసిరే పిచ్చర్‌కు ఎదురుగా, మొహానికి జాలీ కట్టుకుని గొంతుక్కూర్చునేవాడని తెలిసింది. ఏ ఆటగాడికి ఎంత ఇవ్వచ్చో, ఎక్కడ బిగపట్టాలో ఆయన పక్కనే రాసుకున్నాడు. చివరి పుస్తకంలో ఒకచోట, “ఈమధ్య ఏజెంటు మెతకబడ్డాడు. మునుపటి పోట్లాట లేదు. వయసు మీద పడుతున్నట్టుంది” అని ఉంది.

క్యాచర్‌కు ఏడాది కాంట్రాక్టు ఇచ్చింది. తర్వాత పిచ్చర్ బేరం వచ్చింది. ఆ తర్వాత ఇంకొకడిది. పొద్దున్నే స్కూలు యూనిఫాం గుడ్డలు కత్తిరించడం, భోజనమయ్యాక అరగంట బేరం. రోజు మొత్తమ్మీద ఆమెతో ఎవరైనా మాట్లాడేది ఆ అరగంటే.

బేరం మధ్యలో ఏజెంటు అడిగేవాడు, “అన్నం తిన్నావా బావా?”

“తిన్నా. నువ్వు?”

“ఏదో అయిందనిపించా. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించాలంటే విసుగు.”

ఇంట్లోవాళ్లు ఊరెళ్లారేమోననుకుంది. అడిగితే తన గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని ఊరుకుంది.

ఏడాది తిరిగింది. క్యాచర్ మళ్లీ వచ్చాడు. ఈసారి బేరం ఆట గడువులోగా తెగలేదు. ఇద్దరూ ఊరికే కబుర్లు చెప్పుకుంటూ సాగదీశారు. గడువు దాటితే తీర్పు చెప్పేది కంప్యూటరే. క్లబ్బు తరఫున మేనేజరు ఒక అంకె, ఏజెంటు ఒక అంకె రహస్యంగా రాయాలి. వాటిలో ఏదో ఒకదాన్ని కంప్యూటర్ ఖాయం చేస్తుంది. నడిమధ్య అంకె ఉండదు. క్లబ్బు తన ఆటగాడు ఎక్కువ జీతానికి తగడని వాదించాలి.

“మోకాళ్లు అరిగాయి. పరుగు తగ్గింది” అని మొదలుపెట్టింది. వేళ్లు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్లు ఇంట్లో మనిషి మీద అలాగే వాదించింది. నడక జాగు, చెవుడు, మతిమరుపు. వినేవాడు విన్నంతకాలం వినిపించింది. ఇప్పుడు ఈ బొమ్మను కూడా అనలేకపోయింది.

అంతా కొట్టేసి, “ఇతను లేకపోతే జట్టు లేదు” అని రాసి, తొమ్మిది లక్షలు వేసింది. ఏజెంటు ఎంత బేరమాడినా అంతకు మించి అడగడులే అనుకుంది.

కంప్యూటర్ తీర్పు చెప్పలేదు. ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. “ఏజెంటు అడిగిన జీతం, క్లబ్బు ఇస్తానన్న దానికంటే తక్కువగా ఉంది. ఇరుపక్షాలూ అంకెలు సరిచూసుకోండి.”

ఏజెంటు అడిగింది ఆరు లక్షలు.

పైసా దగ్గర ప్రాణం పెట్టే మనిషని భర్త రోజూ తిట్టుకునేవాడు. అలాంటివాడు కావాలని ఎందుకు ఓడతాడు? ఇవతల ఉన్నది మేనేజరు కాదని పసిగట్టి ఉంటాడు. ఇన్నాళ్లూ జాలిపడి ఆడి ఉంటాడు.

మొహం చూపించకుండా ఒప్పుకోవడం బాగుండదనిపించింది. ఎప్పుడో ఏజెంటు ఆట డిస్కు పంపిన కవరు మీద చిరునామా ఉంది. మర్నాడు ఇంటికి తాళం వేసి రైలెక్కింది. నాలుగు గంటలూ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది.

మేడ మీద చివరి వాటా. తలుపు తీసింది కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిడ. లోపల గదిలో కంప్యూటర్ వెలుగుతూ ఉంది.

“ఏజెంటుగారు ఉన్నారా?” అంది దర్జీ.

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

“నేను మేనేజరు భార్యని వదినా. ఆయన పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఆయనలా రాస్తున్నది నేనే. తప్పే. చెబితే ఇక మాట్లాడే దిక్కుండదని చెప్పలేదు. అన్నయ్యగారికి ఎదురుగా చెప్పి పోదామని వచ్చా.”

ఆవిడ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కంప్యూటర్ ముందున్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

“మావారు పోయి రెండేళ్లు దాటింది వదినా, మీ ఆయన పోయేముందు ఏడాదిపాటు బేరమాడింది కూడా నాతోనే.”