పక్క మిద్దె మీది కరెంటు

కౌశల్ పేరు వింటేనే హరీశ్‌కి కడుపు మండుతుంది.

ఇద్దరిదీ సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారమే. అవే ప్యానెళ్లు, అవే వైర్లు. అయినా కౌశల్ బిగిస్తేనే కరెంటు ఎక్కువ పుడుతుంది. ఏం, వాడికి సూర్యుడేమైనా మేనమామా?

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటువాళ్లు ఇద్దరికీ పోటీ పెట్టారు. ఒక టవరు హరీశ్‌కి, పక్క టవరు కౌశల్‌కి. డిసెంబరులో ఎవరి మిద్దె మీద ఎక్కువ యూనిట్లు వస్తే, మిగతా ఆరు టవర్లూ వాళ్లవే.

ఆ ఆరూ దక్కకపోతే హరీశ్ షాపు మూసేసుకోవాల్సిందే.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అతను ప్యానెళ్లు బిగిస్తుంటే, ఒక పెద్దాయన ఆయాసపడుతూ మిద్దెక్కాడు. నిన్నటిదాకా పక్క టవరు మీద కౌశల్‌తో తిరిగిన మనిషే.

"చివరి వరస ఈడ వద్దప్పా. లిఫ్టు గది నీడ పడతాది."

హరీశ్ తిరిగి చూశాడు. ఆ వరస మీద ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఏదీ నీడ? నాకు కనబడదే!"

"ఇప్పుడు లేదు. సూర్యుడు దక్షిణానికి జరిగినాక వస్తాది. ఒక్కదాని మీద నీడ పడినా వరసంతా కరెంటీకుండా పడుకుంటాది."

హరీశ్‌కి ఒళ్లు మండిపోయింది. నాలుగు ప్యానెళ్లు తీయించి ఓడగొట్టే ఎత్తన్నమాట!

"కౌశల్ పంపాడా?"

"లేదప్పా, నేనొచ్చింది..."

"తెలుసులే! వాడి ఉప్పు తిని నాకు మంచి చెప్తావా? దిగు ముందు!"

పెద్దాయన మెట్లు దిగిపోయాడు.

డిసెంబరొచ్చింది. రోజూ పదింటికల్లా లిఫ్టు గది నీడ చివరి వరస మీద పడుకునేది. పీకి జరుపుదామంటే ప్యానెళ్ల స్టాండు కాళ్లు కాంక్రీటులో బిగిసిపోయాయి.

ఆరు టవర్లూ కౌశల్‌కే పోయాయి.

హరీశ్ కౌశల్‌ని అడగకుండా ఉండలేకపోయాడు.

"నీ దగ్గరుండే ఆ పెద్దాయనెవరు?"

"మునినారాయణప్పగారా?" గెలిచిన హుషారులో కౌశల్ దాచుకోలేదు. "నా టెర్రస్‌లన్నీ ఆయన ప్లానే బాస్. నాకు బోల్టులు బిగించడం తప్ప ఏం రాదు."

మూడేళ్లుగా తను కుళ్లుకుంది ఎవరిని చూసి?

"ఇప్పుడెక్కడున్నాడు?"

"చందాపురలో వేరే కంపెనీవాళ్లు ఎగరేసుకుపోయారు. ఒక్కచోటైనా తన పేరు నేను చెప్పలేదని సెప్టెంబరులోనే నా దగ్గర మానేశాడు."

కౌశల్ అతని వంక వింతగా చూశాడు.

"మానేసిన మధ్యాహ్నమే 'ఇంక హరీశ్ దగ్గర చేరతా' అని నీ టవరెక్కాడే... చెప్పలేదా?"