కవరు లేని కబురు

బావా, మా మనవరాలు విలేకరి కదా. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకి చుట్టుపక్కల జనం ఊపిరాడక ఛస్తున్నారని రాసింది. ఫ్యాక్టరీ తమ యజమానిదేనంటూ పత్రికవాళ్లు దాన్ని చెత్తబుట్టలో పడేశారు.

ఉద్యోగం మానేసి పోటీ పత్రికకి పట్టుకెళ్లింది. నేనూ తోకలా వెళ్లాను. ఆ సంపాదకుడు చదివి లొట్టలేశాడు. ఇంకెవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నాడు.

నెలయినా అచ్చుకాలేదు. మళ్లీ వెళ్లాం.

"నేను పోయేలోగా వేస్తావా నాయనా?" అన్నాను.

"వెయ్యడానికి కాదు తాతగారూ, ఇంకెక్కడా రాకూడదని తీసుకున్నాం. ఈ పత్రికనీ మీ అమ్మాయి పాత యజమానే కొనేశారు," అని ఇకిలించాడు.

థూ! రోజూ తిట్టుకునే రెండు పత్రికలకీ మొగుడొక్కడే!

పిల్ల ఒకటే ఏడుపు. "సంతకం పెట్టేశాను తాతయ్యా, ఇక నోరెత్తకూడదు."

"పెట్టింది నువ్వేగా పిచ్చిమొహమా, నేను కాదుగా!"

అందుకే బావా, కవరు కొనకుండా కార్డు మీద రాశాను. పోస్టుమాను కూడా చదవాలి.